పెద్దమ్మ ఒంటిమీద చిన్నమ్మ పేరు

మేస్త్రి ఇంట్లో బీరువాకి ఒక కాలు పొట్టి. తలుపు తీసినప్పుడల్లా ముందుకు తూలుతుంది. అందుకని ఆ కాలి కింద ఎప్పుడూ ఏదో ఒకటి ఉండాల్సిందే. మొదట అట్టముక్క పెట్టారు, నలిగిపోయింది. తర్వాత చెక్కముక్క పెట్టారు, చెదలు తినేసింది. నాలుగేళ్ల నుంచి మాత్రం అరచేయంత ఇత్తడి బిళ్ల ఒకటి కిక్కురుమనకుండా ఆ బరువు మోస్తోంది. దానిమీద అక్షరాలున్న సంగతి ఇంట్లో ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. అక్షరాలు నేలకేసి ఉండేలా పెట్టింది ఆయనే.

మేస్త్రి పని మిషన్లు బాగుచేయడం. స్టీలు డబ్బాలకి మూతలు కొట్టే షెడ్డులో ఇరవయ్యో ఏట చేరాడు, ఇప్పుడు యాభై ఒకటి. ఈ ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన ఒంట్లో కూడా కొన్ని సామాన్లు మారాయి. పైవరస పళ్లు కట్టుడువి. కళ్లకి అద్దాలు. స్కూటరు మీంచి పడ్డప్పుడు కుడికాలి ఎముకలో స్టీలు కడ్డీ వేశారు. "అసలు మేస్త్రి ఎప్పుడో పోయాడర్రా, మనతో తిరిగేది స్పేర్ పార్టులే" అని షెడ్డులో వాళ్లు ఆటపట్టిస్తే, "అయితే రిపేర్లు కూడా ఆ పోయినాయన్నే పిలిచి చేయించుకోండి" అని పానా జేబులో పెట్టేసుకునేవాడు.

ఆ షెడ్డులో చిన్న మిషన్లు కాక రెండు పెద్ద ప్రెస్సులుండేవి. ప్రెస్సంటే మరేం లేదు, మనిషికంటే ఎత్తైన ఇనప ఒళ్లు, పక్కన ఆగకుండా తిరిగే పెద్ద చక్రం, కింద కాలితో తొక్కే పెడలు. రేకు లోపల పెట్టి పెడలు తొక్కితే పైనున్న దిమ్మ ఒక్క దెబ్బ వేసి, మూత అచ్చు కొట్టి, పైకెళ్లి ఆగుతుంది. దాన్ని ఆపేది పక్కనుండే బొటనవేలంత కొక్కెం. దిమ్మ ఆగాక చెయ్యి లోపల పెట్టి మూత తీసుకోవాలి, మళ్లీ రేకు పెట్టాలి. రోజుకి కొన్ని వేలసార్లు ఇదే. చెయ్యి లోపలికి పోకుండా ముందు కటకటాలు బిగించాలని చట్టం చెబుతుంది. కటకటాలుంటే పని కుంటుపడుతుందని ఓనరు చెబుతాడు. చట్టం ఏడాదికోసారి వచ్చి పోతుంది. ఓనరు రోజూ ఉంటాడు.

రెండింట్లో పాతది పెద్దమ్మ, ఆరేళ్ల కిందట వచ్చింది చిన్నమ్మ. పేర్లు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. పెద్దమ్మ, మేస్త్రి ఒకే ఏడాది ఆ షెడ్డులో అడుగుపెట్టారు. లారీ దింపేటప్పుడు పెద్దమ్మ కాలి దగ్గర బీట పడితే దానికి వెల్డింగు పెట్టింది ఆయనే. జీవితంలో ఆయన పెట్టిన మొదటి వెల్డింగు అది. జెర్రి పాకినట్టు వంకరటింకరగా వచ్చింది.

పెద్దమ్మకి వయసు మీదపడ్డాక ఒక జబ్బు పట్టుకుంది. పొద్దున్నే ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు కొక్కెం సరిగ్గా పట్టేది కాదు. ఎవరూ తొక్కకుండానే రెండో దెబ్బ వేసేది. దాంతో షెడ్డులో ఒక అలవాటు పుట్టింది. పెద్దమ్మ దగ్గర కూర్చున్నవాళ్లు దెబ్బ పడగానే చెయ్యి పెట్టరు. ఒక ఊపిరి తీసుకుని, వదిలి, అప్పుడు పెడతారు. కొత్తగా చేరినవాళ్లకి మొట్టమొదట నేర్పేది అదే. "ముందు ఊపిరి, తర్వాత చెయ్యి." ఏ రూల్సు పుస్తకంలోనూ లేని ఆ ఊపిరే ఏళ్ల తరబడి ఎంతోమంది వేళ్లని కాపాడింది.

నాలుగేళ్ల కిందట తనిఖీకి వచ్చిన ఆఫీసరు పెద్దమ్మ వయసైపోయింది, తీసెయ్యండని రాసిచ్చి వెళ్లాడు. సరిగ్గా అదే నెలలో, చిన్నమ్మకి మోయలేనంత మందం రేకు పెట్టి కొట్టిస్తే దాని ఒళ్లు నిలువునా పగిలింది. ఓనరు మేస్త్రిని గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"కాగితం ప్రకారం పెద్దమ్మ పోవాలి. ఇనుం ప్రకారం చిన్నమ్మ పోయింది. ఏం చేద్దామంటావ్ మేస్త్రీ?"

"రెండూ పోతే షెడ్డే పోతుందండి."

"నేనూ అదే అంటున్నా. చిన్నమ్మ మోటారు బాగుంది, చక్రం బాగుంది, దిమ్మ బాగుంది. అవన్నీ తీసి పెద్దమ్మకి బిగించు. కొక్కెం కొత్తది వెయ్. మీద రంగెయ్. ఇంక అందులో పెద్దమ్మ ఏముంటుంది, నువ్వే చెప్పు?"

"ఒళ్లుంటుంది కదండీ."

"ఒంటికేం పనయ్యా? ఊరికే నిలబడుతుంది. పదింట తొమ్మిది వంతులు చిన్నమ్మే అయినప్పుడు చిన్నమ్మ పేరుబిళ్ల పెడితే తప్పెలా అవుతుంది?"

మేస్త్రి తలూపి బయటికొచ్చాడు. "ఓనరు చెప్పాడు, నేను చేశాను" అని తర్వాత తనకి తాను వందసార్లు చెప్పుకున్నాడు గానీ అది సగం నిజమే. మిగతా సగం ఏమిటంటే, పెద్దమ్మని గ్యాసు కట్టరుతో ముక్కలు చేసి లారీకెత్తడం ఆయన చూడలేడు. ఓనరు ఆ లెక్క చెప్పినప్పుడు ఆయనకి గుండె తేలికపడింది. మూడు సెలవు రోజులు ఒక్కడే షెడ్డులో కూర్చుని, కూనిరాగం తీస్తూ ఒక్కో సామాను విప్పాడు, బిగించాడు. పగిలిపోయిన చిన్నమ్మ ఒళ్లు, పెద్దమ్మ అరిగిపోయిన మోటారు కలిసి "పెద్దమ్మ" పేరుతో లారీ ఎక్కాయి. చిన్నమ్మ పేరుబిళ్ల పెద్దమ్మ ఒంటికి ఎక్కింది. పెద్దమ్మ బిళ్లని కూడా లారీలో పారెయ్యమన్నాడు ఓనరు. పారెయ్యడానికి మేస్త్రికి చేతులు రాలేదు. టిఫిను క్యారియరులో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

అంతా మార్చాడు. కొక్కెం మార్చాడు, దాని స్ప్రింగు మార్చాడు, అది తిరిగే పిన్ను మార్చాడు. ఆ పిన్ను దూరే రంధ్రం మాత్రం మారలేదు. రంధ్రం ఊడబీకే సామాను కాదు కదా. అది పెద్దమ్మ ఒంట్లోనే ఉంది, పిన్ను తిరిగి తిరిగి గుండ్రతనం పోయి కోడిగుడ్డులా సాగిపోయి ఉంది. ఆయన చూశాడు. లోపల ఇంకో గొట్టం బిగించాలి, వారం పడుతుందన్నాడు. "తర్వాత చూద్దాంలే" అన్నాడు ఓనరు. పిన్ను కొత్తది కదా, ఆగుతుందిలే అని మేస్త్రి కూడా సరిపెట్టుకున్నాడు.

ఆ మిషను మీద కూర్చునే ఆమెని అందరూ మూతలమ్మ అంటారు. షెడ్డు మొత్తంలో ఆమె కొట్టినన్ని మూతలు ఎవరూ కొట్టలేరు. రంగేసిన ఆ మిషను మీద మొదటి రోజు పది మూతలు కొట్టి, పెడలు మీంచి కాలు తీసి, చెవి ఒగ్గి వింది.

"అన్నా, దీని గొంతు పెద్దమ్మ గొంతులా ఉందే."

"పెద్దమ్మ లారీ ఎక్కి పోయింది కదమ్మా. నువ్వు చెవులు మార్పించుకో."

"చెవులకి కూడా స్పేర్లు దొరుకుతాయా నీ దగ్గర?"

"ఆర్డరు పెడతాలే. ఇదిగో చూడు, ఇంక దీని దగ్గర ఊపిరీ గీపిరీ ఏం అక్కర్లేదు. ఇది చిన్నమ్మ. దెబ్బ పడగానే చెయ్యి పెట్టెయ్" అని నవ్వాడు మేస్త్రి.

ఆమె నమ్మింది. మిషన్ల సంగతి మేస్త్రికి కాక ఇంకెవరికి తెలుసు? ఎన్నో ఏళ్లు పట్టిన ఊపిరి ఒక్క వారంలో మానేసింది. మూతలు ఇంకా పెరిగాయి. మేస్త్రి ప్రతి నెలా "మిషను బాగుంది" అన్న కాగితం మీద సంతకం పెడుతూ వచ్చాడు. ఈ మధ్య రెండుసార్లు, ఎవరూ లేనప్పుడు నడిపి చూస్తుంటే, దిమ్మ పైకెళ్లి ఆగినట్టే ఆగి మళ్లీ దిగింది. స్ప్రింగు బిగించాడు. నోరు విప్పలేదు.

చలి పొద్దున ఒకరోజు మూతలమ్మ కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు ఆ మిషన్లోనే ఉండిపోయాయి.

ఆస్పత్రి నుంచి ఆమె ఇంటికి రాకముందే షెడ్డులో కథ తయారైంది. "ఆరేళ్ల మిషను. దానంతటది దిగే సమస్యే లేదు. కటకటాలు ఆవిడే తీసేసింది, పెడలు మీద కాలుంచి మరిచిపోయింది. చేతులారా చేసుకుంది" అన్నాడు ఓనరు. రెండు వేళ్లు పోగొట్టుకున్న మనిషి గురించి ఆ మాట అనడానికి ఆయనకి నోరెలా వచ్చిందో! కానీ పనిచేసే చోట ఎవరికి దెబ్బ తగిలినా మొదట పుట్టేది ఈ మాటే. ఇనుం తప్పు చెయ్యదు, కాగితం తప్పు చెయ్యదు. తప్పంతా ఎప్పుడూ మాంసానిదే.

మూడు వారాలు మేస్త్రి ఆమె ఇంటి వీధి తప్పించి, చుట్టూ తిరిగి ఇల్లు చేరాడు. నాలుగో వారం ఆమే కబురుపెట్టింది.

ఒకటే గది. ఒక పక్క పొయ్యి, ఒక పక్క మడతపెట్టిన పరుపు, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీ ముందు నేలమీద సుద్దతో పెడలంత గీత గీసి ఉంది. మేస్త్రి దాన్ని చూసి చూడనట్టు గోడకానుకుని కూర్చున్నాడు.

"అదేంటని అడగవే అన్నా?" అంది మూతలమ్మ. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. "రోజూ ఇలా కూర్చుంటున్నా. తొక్కుతా, కాలు తీస్తా, చెయ్యి పెడతా. తొక్కుతా, తీస్తా, పెడతా. ఆ పూట కాలు తీశానా లేదా అని. మొదట్లో తీశాననే అనుకున్నా. అందరూ తియ్యలేదు తియ్యలేదు అంటుంటే ఇప్పుడు నా కాలు మీద నాకే అనుమానం పుట్టింది."

మేస్త్రి సుద్దగీత మీంచి చూపు తిప్పుకున్నాడు. "చెయ్యి ఎలా ఉందమ్మా?"

"ఉన్నంత వరకు బాగానే ఉంది." ఆమె నవ్వబోయి ఆగింది. "కాగితం పంపారు. పొరపాటున నేనే తొక్కానని రాసుంది. ఒప్పుకుంటే కూర్చుని అట్టపెట్టెలు కట్టే పనిస్తారట. లేకపోతే బుధవారం ఆఫీసరు మేడమ్ ఎంక్వయిరీకి వస్తుందట, తప్పు నాదని తేలితే పనిలోంచి తీసేస్తారట. సంతకం నేర్చుకున్నదాన్ని, మళ్లీ వేలిముద్రకి దిగాను చూడు."

"మరి... పెట్టావా?"

"నిన్నడిగి పెడదామని ఆగా. నువ్వు చెప్పు. అది దానంతటది దిగదు అని నీ నోటితో అంటే ఇప్పుడే ముద్ర వేసేస్తా. ఇంక ఈ కుర్చీలో కూర్చోను. హాయిగా నా తప్పే అనుకుని పడుకుంటా."

ఒక్క మాట. దిగుతుంది అంటే చాలు. కానీ ఆ మాట వెనకాల ఇంకో పది మాటలు బారులు తీరి నిలబడి ఉన్నాయి. పేరుబిళ్ల, రంగు, సంతకాలు, చెవులు మార్పించుకోమన్న ఎకసెక్కం. మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"తొందరపడకమ్మా. బుధవారం దాకా ముద్ర వెయ్యకు. చూద్దాం."

చూద్దాం! చూడాల్సిందంతా చూసినవాడి నోట వచ్చిన మాట అది. వీధిలోకి వచ్చాక, ఓనరు అన్న "తర్వాత చూద్దాంలే" తన గొంతులోనే వినబడినట్టై సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. భార్య ఎదురుగా కూర్చుని కాసేపు చూసింది.

"ఏమయ్యా, పళ్లు పెట్టుకోవడం మర్చిపోయావా?"

"పెట్టుకున్నాలే." కంచం కొంచెం జరిపాడు. "ఏమే, నా పళ్లు మారాయి, కాల్లో కడ్డీ పడింది, జుట్టు పోయింది. ఇంకా ఎంత మారిస్తే నేను నేను కాకుండా పోతానంటావ్?"

"ఎందుకు, నన్ను వదిలించుకుందామనా?"

"చెప్పవే."

"ఏం మార్చినా నీ గురక మారదు. తల మార్చి తెచ్చినా గోడ అవతల్నుంచి గురక విని చెబుతా, మా ఆయనేనని."

మేస్త్రి నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వెళ్లి, బీరువాని భుజంతో ఎత్తిపట్టి, కాలి కింద ఇత్తడి బిళ్ల లాగాడు. బీరువా ముందుకు తూలి, లోపల గిన్నెలు ఘల్లుమన్నాయి. బిళ్ల తిప్పి లుంగీ అంచుతో తుడిచి ఆమె చేతిలో పెట్టాడు. దానిమీద పెద్దమ్మ పుట్టిన ఏడాది, నంబరు ఉన్నాయి. మొత్తం చెప్పాడు. రంధ్రం సంగతి, ఊపిరి మాన్పించిన సంగతి, సుద్దగీత సంగతి కూడా.

ఆమె బిళ్లని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాలుగేళ్లు దీనిమీద గిన్నెలు పెట్టుకున్నామా మనం" అంది చివరికి. తర్వాత, "ఆ పిల్ల నిన్ను అన్నా అంటుంది కదయ్యా" అని బిళ్లని ఆయన చేతిలో పెట్టేసి లేచిపోయింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది మేస్త్రికి.

బుధవారం షెడ్డు మధ్యలో బల్ల వేశారు. చక్రాలు ఆగిపోయి, ఆ నిశ్శబ్దానికే అందరి చెవులూ గుయ్యిమంటున్నాయి. ఎంక్వయిరీకి వచ్చిన ఆఫీసరు మేడమ్ ఫైలు తిరగేస్తోంది. ఓనరు పక్కన కూర్చున్నాడు. మూతలమ్మ నిలబడే ఉంది. కుర్చీ ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.

"ప్రతి నెలా సంతకం మీదేనా మేస్త్రిగారూ?"

"నాదేనండి."

"ఈ మిషన్ వయసెంత?"

"దేని వయసండీ?"

మేడమ్ తలెత్తింది. "మిషన్ది. ఫైల్లో ఆరేళ్లని ఉంది."

"మోటారుకి ఆరేళ్లండి. చక్రానికి, దిమ్మకి ఆరేళ్లు. కొక్కేనికి నాలుగు. రంగుకి నెల్లాళ్లు, మొన్న దెబ్బ తగిలాకే వేశాం. కటకటాలకీ నెల్లాళ్లే. అంతకుముందు అవి తనిఖీ రోజున తప్ప గోడకే వేలాడేవి."

"మేస్త్రీ!" అన్నాడు ఓనరు.

"ఒక్క అంకె చెప్పండి" అంది మేడమ్.

"ముప్పై ఒకటండి."

షెడ్డంతా గుసగుసలు లేచాయి. ఓనరు లేచాడు. "తలకాయ తిరిగింది మేడమ్ ఇతనికి. అక్కడ బిళ్ల ఉంది చూడండి. పదింట తొమ్మిది వంతులు ఆరేళ్లదే."

"ఆ పదో వంతే కోసిందండి" అన్నాడు మేస్త్రి. జేబులోంచి ఇత్తడి బిళ్ల తీసి బల్లమీద పెట్టాడు. మిషను దగ్గరికి నడిచి, కడ్డీ వేసిన కాలు చాపుకుని కష్టంగా కింద కూర్చుని, పానా మొనతో పెయింటు గీకడం మొదలుపెట్టాడు. ఆకుపచ్చ పెచ్చులు రాలాయి. కింద బూడిదరంగు, దాని కింద ఇంకో ఆకుపచ్చ. వాటన్నిటి కింద జెర్రి పాకినట్టున్న వెల్డింగు బయటపడింది.

"ఇది పెద్దమ్మండి. ఇరవయ్యేళ్లప్పుడు నేను పెట్టిన వెల్డింగిది, ఇంత అసహ్యంగా ఇంకెవరూ పెట్టరు. పైన పిన్ను తీసి రంధ్రం కొలుచుకోండి. ఈమె తొక్కలేదు. ఇది దానంతటదే దిగుతుంది. నాకు తెలుసు. తెలిసే సంతకాలు పెట్టాను. ఓనరు గారు చెప్పారన్నది నిజమే. దీన్ని పోనివ్వడం నాకూ ఇష్టం లేదన్నదీ నిజమే. రెండూ రాసుకోండి."

పిన్ను తీశారు. కొలిచారు. మోటారు వేసి, ఎవరూ ముట్టకుండా దూరంగా నిలబడి, కర్రతో పెడలు నొక్కి వదిలారు. పదకొండోసారి దిమ్మ పైకెళ్లి, ఆగినట్టే ఆగి, ఎవరూ తొక్కకుండా మళ్లీ దిగింది. ఆ చప్పుడుకి షెడ్డులో పాతవాళ్లంతా, ఎవరూ చెప్పకుండానే, ఊపిరి బిగబట్టారు.

మూతలమ్మ తన కాలివంక చూసుకుంది. చెప్పు విప్పి, పాదం నేలమీద గట్టిగా ఆనించి, ఎడమచేత్తో మోకాలు నిమిరింది. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. మేడమ్ తన కుర్చీ ఆమెకి జరిపి, ఓనరు పంపిన కాగితం అడిగి తీసుకుని, ఫైల్లో పెట్టుకుంది.

బయటికొచ్చాక గేటు దగ్గర మేస్త్రి ఆమె కోసం నిలబడ్డాడు. ఏం మాట్లాడాలో రాత్రంతా కూడబలుక్కున్నాడు గానీ, ఆయన నోరు తెరిచేలోపే ఆమె దగ్గరికొచ్చి నిలబడింది. ఆమే అడిగింది.

"గొంతు పెద్దమ్మలా ఉందని నేనన్న రోజు... ఆ రోజు కూడా నీకు తెలుసు కదన్నా?"

"తెలుసమ్మా."

"నా చెవులే కరెక్టన్నమాట." తల ఊపింది. "నువ్వు ఇవాళ చెప్పావు, అది నిజమే. కాదనను. కానీ నువ్వు ఆరోజు నవ్వావు చూడు, అది పోవడం లేదు." అని నడిచి వెళ్లిపోయింది. మేస్త్రి వెనకాల వెళ్లలేదు.

ఆమె తప్పేమీ లేదని రాతపూర్వకంగా వచ్చింది. ఆ ప్రెస్సుకి సీలు పడింది. ఓనరు మీద, మేస్త్రి మీద కేసు నడుస్తోంది. మేస్త్రిని షెడ్డులోంచి పంపేశారు. కేసు తేలకముందే పంపినందుకు పాతవాళ్లు కోపగించుకున్నారు గానీ, ఆయన మాత్రం ఆలస్యంగా పంపారనే అనుకున్నాడు. షెడ్డులో మిగిలిన చిన్న మిషన్ల దగ్గర, కొత్తవాటి దగ్గర కూడా ఇప్పుడు అందరూ చెయ్యి పెట్టేముందు ఒక ఊపిరి ఆగుతున్నారట. సూపర్‌వైజరు అరిచినా మానడం లేదట.

ఇత్తడి బిళ్ల ఫైల్లో సాక్ష్యంగా ఉండిపోయింది. బీరువా కాలు మళ్లీ పొట్టిదైంది. భార్య నాలుగు మడతలు పెట్టిన అట్టముక్క తెస్తే మేస్త్రి వద్దన్నాడు. తలుపు తియ్యగానే బీరువా ముందుకు తూలుతుంది, లోపల గిన్నెలు ఘల్లుమంటాయి. అది సర్దుకునేదాకా ఆయన చేతులు కట్టుకుని నిలబడతాడు. ఒక ఊపిరి తీసుకుని, వదిలి, అప్పుడు చెయ్యి లోపల పెడతాడు.